బండెక్కి కూర్చుంటే చాలట! హార్నెస్ రేసుల మీద తిరుగుతున్న వీడియోకి జవాబు

మా ఎడిసన్ (న్యూజెర్సీ) వైపు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తెగ తిరుగుతోంది. 2022 జులైలో ఇక్కడి మెడోలాండ్స్ ట్రాక్‌లో బుల్‌డాగ్ హానోవర్ అనే గుర్రం మైలు దూరాన్ని 1 నిమిషం 45.8 సెకన్లలో కొట్టి రికార్డు పెట్టిన హార్నెస్ రేసు అది, అంటే గుర్రం వెనక రెండు చక్రాల బండి కట్టి, అందులో కూర్చుని తోలే పందెం. వీడియో బాగుంది. కింద రాసిందే దారుణం: "డ్రైవరుకి పనేం లేదు, రెండు చక్రాల బండిలో కూర్చుంటే చాలు. జాకీలా తిండి మానక్కర్లేదు, ప్రాణభయం లేదు, లక్షల డాలర్లు. వారం నేర్చుకుంటే ఎవరైనా తోలొచ్చు. ఇక ట్రైనర్ అంటే గుర్రానికి సూది పొడిచేవాడు."

ఇందులో తిండి సంగతి ఒక్కటే పూర్తి నిజం. మనిషి బరువు గుర్రం వీపు మీద కాకుండా చక్రాల మీద పడుతుంది కాబట్టి కడుపు మాడ్చుకోనక్కర్లేదు, అరవై దాటినా తోలేవాళ్ళున్నారు. మిగతాదంతా ఎవరో సోఫాలో కూర్చుని రాసింది.

"కూర్చుంటే చాలు" అన్న మాటే తీసుకుందాం. మలక్‌పేట రేసుల్లో గుర్రం దౌడు తీస్తుంది. ఇక్కడ దౌడు తీయడమే తప్పు. స్టాండర్డ్‌బ్రెడ్ జాతి గుర్రాలు ట్రాట్‌లో (ముందు ఎడమ కాలు, వెనక కుడి కాలు కలిసి పడతాయి) కానీ, పేస్‌లో (ఒకే పక్క రెండు కాళ్ళూ కలిసి పడతాయి) కానీ పరిగెత్తాలి, అదీ గంటకి 30 మైళ్ళు దాటిన వేగంతో. అంత వేగంలో ఆ నడక (అడుగుల తీరు) తప్పి దౌడులోకి జారిపోవడం గుర్రానికి క్షణం పని. జారితే డ్రైవరు పగ్గాలు లాగి, వెనకొచ్చేవాళ్ళకి అడ్డం కాకుండా పక్కకి తీసి, మళ్ళీ నడకలోకి తేవాలి. ఈలోపు రేసు చేజారిపోతుంది. దౌడు వల్ల లాభపడ్డాడని జడ్జీలకి అనిపిస్తే గెలిచినా కిందికి దించేస్తారు. అంటే గుర్రాన్ని ఎంత వేగంగా తోలాలన్నది సగం పనే, ఎంత వేగం దగ్గర ఆపుకోవాలన్నది మిగతా సగం.

ఇక ఎత్తుగడలు. రెక్కలు చాచిన కారు వెనక అన్ని గుర్రాలూ వరసగా కదులుతాయి, కారు రెక్కలు ముడుచుకుని ముందుకెళ్ళిపోగానే రేసు మొదలు. ముందున్న బండి వెనక దూరితే గాలి తగలదు, గుర్రానికి ఊపిరి మిగులుతుంది, కానీ చివర్లో బయటికి దారి దొరక్క ఇరుక్కుపోవచ్చు. అందరికంటే ముందు బయటి వరసలోకి వస్తే దారి మనదే, కాకపోతే ఎవరి చాటూ లేకుండా గాలికి ఎదురెళ్ళాలి, మలుపులో దూరం కూడా ఎక్కువ. వాళ్ళ భాషలో 'ఫస్ట్ ఓవర్' అంటారు, ఆ మాట అనేటప్పుడే మొహాలు మాడ్చుకుంటారు. పక్కవాడి చక్రానికీ మన చక్రానికీ జానెడు సందున్నప్పుడు ఈ లెక్కలన్నీ వేసుకోవాలి, మొత్తం రేసు రెండు నిమిషాలు కూడా ఉండదు.

ప్రాణభయం లేదట. బిల్లీ హాటన్ పేరు వినని హార్నెస్ అభిమాని ఉండడు. గుర్రాల్ని తయారుచేసి తనే తోలే పాత తరం మనిషి, ఈ ఆటలో అన్నిటికంటే పేరున్న హాంబుల్టోనియన్ రేసుని నాలుగుసార్లు గెలిచాడు. 1986 జులైలో యాంకర్స్ రేస్‌వేలో రేసు మధ్యలో బండ్లు ఢీకొని పడిపోయాడు, కొన్ని రోజులకే చనిపోయాడు. ముందు గుర్రం పడితే వెనకవాడికి తప్పుకునే చోటుండదు, చక్రాలు ఒకదాన్నొకటి పట్టేస్తాయి, మనిషి ఎగిరి ట్రాక్ మీద పడతాడు, పైనుంచి మరో గుర్రం. ఆ కుటుంబం కథ ఇంకా బాధాకరం. కొడుకు పీటర్ పాతికేళ్ళ వయసులోనే 1980లో కారు ప్రమాదంలో పోయాడు. అదే ఏడాది కొడుకు చూసుకున్న బర్గోమీస్టర్ అనే గుర్రాన్ని తండ్రి తోలి హాంబుల్టోనియన్ గెలిచాడు.

లక్షల డాలర్ల సంగతికొద్దాం, ఎక్కువమందిని బుట్టలో వేసేది ఇదే. ప్రైజ్ మనీలో సాధారణంగా గెలిచిన గుర్రానికి 50 శాతం, తర్వాత వరసగా 25, 12, 8, 5. గుర్రానికొచ్చిన దాంట్లో డ్రైవరుకి 5 శాతం, ట్రైనరుకి 5 శాతం. ప్రైజ్ మనీ 10,000 డాలర్ల రేసు అనుకోండి. గెలిస్తే గుర్రానికి 5,000, డ్రైవరుకి 250. అయిదో స్థానమైతే పాతిక డాలర్లు. ఆరోవాడికి మామూలుగా సున్నా. జాన్ క్యాంప్‌బెల్ లాంటి మహామహుడైన డ్రైవరు ఆరుసార్లు హాంబుల్టోనియన్ గెలిచాడు, నిజమే, కానీ ఒక్క సచిన్‌ని చూపించి క్రికెటర్లందరూ కోటీశ్వరులే అంటామా? ఏరన్ మెరిమన్ ఏటా అత్యధిక విజయాల జాబితాలో ఉండే డ్రైవరు, మధ్యాహ్నం పెన్సిల్వేనియాలో తోలి, రాత్రికి ఒహాయోలో ఇంకో ట్రాక్ మీద తోలతాడు. పైస్థాయి వాడి రోజే అలా ఉంటుంది. పైగా ట్రాక్‌లే మూతపడుతున్నాయి: ఫ్లోరిడాలో పాంపనో పార్క్ 2022లో, మన పక్కనే ఉన్న ఫ్రీహోల్డ్ 2024 డిసెంబరులో. కెనడాలోని ఒంటారియోలో ప్రభుత్వం స్లాట్ మెషీన్ల డబ్బులో రేసులకిచ్చే వాటాని 2013లో ఆపేసేసరికి ఎంతమంది లాయాలు ఖాళీ చేసుకున్నారో అక్కడివాళ్ళని అడగండి.

ట్రైనర్ గురించి రాసిన దాంట్లో నిప్పు లేకుండా పొగ లేదు, ఒప్పుకోవాల్సిందే. 2020 మార్చిలో న్యూయార్క్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు పెట్టిన డోపింగ్ కేసుల్లో హార్నెస్ ట్రైనర్లు చాలామందే ఉన్నారు, జైలుకీ వెళ్ళారు. ఆ తర్వాత వచ్చిన జాతీయ చట్టం థరోబ్రెడ్ (జాకీలు వీపు మీద ఎక్కి తోలే గుర్రాల) రేసులకే వర్తిస్తోంది, హార్నెస్‌కి ఇప్పటికీ రాష్ట్రాల కమిషన్లే దిక్కు. నా దృష్టిలో అది పెద్ద లోటు. కానీ అక్కణ్ణుంచి "ట్రైనర్లంతా ఇంతే" అనడం అన్యాయం. ట్రైనర్ రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. ప్రతి గుర్రం కాళ్ళూ చేత్తో తడిమి చూస్తారు, ఎక్కడైనా వేడి తగిలితే లోపల వాపు మొదలైనట్టే, ఆ రోజు పరుగు బంద్. లేకపోతే బండి కట్టి మూడు నాలుగు మైళ్ళు తిప్పాలి, మంచు కురుస్తున్నా సరే. యజమాని గుర్రానికి రోజుకింత అని కడతాడు, దాణా, గడ్డి, పనివాళ్ళ జీతాలు అందులోంచే. బిల్లు ఎగ్గొడితే గుర్రాన్ని పస్తు పెట్టలేరు కదా. గుర్రం రక్తంలో ఏదైనా బయటపడితే ఎవరు ఇచ్చినా మొదటి బాధ్యత ట్రైనరుదే.

క్లెయిమింగ్ రేసులు ఇంకో తలనొప్పి. అందులో దిగిన గుర్రాన్ని లైసెన్స్ ఉన్న ఎవరైనా ముందే నిర్ణయించిన ధర కట్టి పట్టుకుపోవచ్చు. నెలల తరబడి కాళ్ళకి కట్లు కట్టి బాగుచేసుకున్న గుర్రం ఆ రాత్రి గెలుస్తుంది, గెలిచిన డబ్బు పాత యజమానికే వస్తుంది, గుర్రం మాత్రం ఇంకొకరి ట్రక్కు ఎక్కుతుంది. ట్రైనర్ గుర్రం తలకి కట్టిన తన పట్టీలు విప్పుకుని ఖాళీ బండి తోసుకుంటూ పోతాడు.

పోతాడు అన్నాను, పోతుంది అని కూడా అనాలి. 2012లో మార్కెట్ షేర్ అనే గుర్రంతో హాంబుల్టోనియన్ గెలిచిన ట్రైనర్ లిండా టోస్కానో, ఆ ఘనత సాధించిన మొదటి మహిళ.

చివరిది, వారంలో నేర్చుకోవడం. అమెరికాలో డ్రైవర్ లైసెన్స్ ఒక్కసారే చేతిలో పెట్టరు. రాతపరీక్ష, వైద్యపరీక్ష, తర్వాత బెట్టింగ్ లేని క్వాలిఫైయింగ్ రేసుల్లో, ఊరి జాతరల్లాంటి కౌంటీ ఫెయిర్లలో తోలి చూపించాలి. అక్కడి జడ్జీలు సరే అంటేనే తాత్కాలిక లైసెన్స్, అదీ దాటాకే పూర్తి లైసెన్స్. ట్రైనరుకి వేరే పరీక్ష. ఆ వీడియో ఫార్వర్డ్ చేసినవాళ్ళలో ఎవరికైనా ఆసక్తి ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఎవరూ ఆపరు.