ఇంటిల్లిపాదికీ వాళ్లే దిక్కయ్యారు

2021 మే మొదటి వారం. 18 నుంచి 44 ఏళ్లవారికి కరోనా టీకా కావాలంటే ప్రభుత్వ వెబ్‌సైటు కోవిన్‌లో పేరు నమోదు తప్పనిసరి. ఆ పోర్టల్ అప్పటికి తెలుగులో లేదు. మన ఊళ్లలో ఎన్నో ఇళ్లలో ఓటీపీ చదివి చెప్పిందీ, స్లాటు కోసం ఫోను పట్టుకుని కూర్చున్నదీ తొమ్మిదో, పదో తరగతి పిల్లలే. ఆక్సీమీటరులో అంకె 94 కంటే తగ్గితే ఆసుపత్రికి పరుగెత్తాలని నాన్నకు చెప్పిందీ వాళ్లే. అప్పటికి వాళ్లకు టీకా లేదు. 15 నుంచి 18 ఏళ్లవారికి అది 2022 జనవరి 3న గానీ మొదలు కాలేదు.

అంత బరువు ఎత్తుకున్న పిల్లల చేతికి మనం ఏమిచ్చాం? తెలంగాణ ప్రభుత్వ చానల్ టీ-శాట్‌లో, దూరదర్శన్‌లో పాఠాలు చెప్పించాం, మంచిదే. ఫోనులోకి వచ్చిపడిన మాటలో నిజమెంతో తేల్చుకోవడం మాత్రం నేర్పలేదు. కర్పూరం, వాము మూటకట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందన్నారు. నెలసరికి ఐదు రోజుల ముందూ, ఐదు రోజుల తర్వాతా ఆడపిల్లలు టీకా వేయించుకోకూడదన్న సందేశం 2021 ఏప్రిల్‌లో దేశమంతా తిరిగింది. అది అబద్ధమని కేంద్రం తన సమాచార సంస్థ పీఐబీ ద్వారా ఖండించింది. కానీ నెలసరి మాట ఇంట్లో ఎత్తడానికే బిడియపడే అమ్మాయి ఆ సందేహం ఎవరిని అడగాలి? బడి మూసి ఉంది. టీచరమ్మ లేదు, పక్క బెంచీ నేస్తమూ లేదు. మమ్మల్ని ఇప్పటికీ కలచివేసేది ఆ ఒంటరితనమే.

నిద్ర పట్టని రాత్రులూ, ఇంట్లో జరిగిన చావులూ వాళ్ల మనసులో ఏం మిగిల్చాయో అడిగినవారు తక్కువ. ఎప్పుడూ ఫోనేనా అని కసురుకున్నవాళ్లం మాత్రం ఎక్కువ.

10 నుంచి 19 ఏళ్లవారి ఆరోగ్యం కోసం కేంద్రం పెట్టిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 2014 జనవరిలోనే మొదలైంది. మానసిక ఆరోగ్యం కూడా అందులో ఉంది. దాన్ని బడి టైంటేబుల్‌లోకి తేవాలి. వారానికి ఒక్క పీరియడ్ చాలు. పిల్లలు తమకు వచ్చిన ఒక వాట్సాప్ సందేశం తెచ్చి, ఇది ఎవరన్నారు, వారికెలా తెలిసింది అని కలిసి ఆరా తీయాలి. నెలకోసారి ఏఎన్ఎం వచ్చి, అమ్మాయిలతో విడిగా కూర్చోవాలి. ఈ పీరియడ్‌కు పరీక్ష, మార్కులు పెట్టవద్దు. మనసు బాగోలేనప్పుడు తెలుగులోనే మాట్లాడగల ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416ను ప్రతి హైస్కూలు గోడ మీదా, మధ్యాహ్న భోజనం మెనూ పక్కనే, అంత పెద్ద అక్షరాలతోనే రాయించాలి.