నక్క వాంగ్మూలంలో దిద్దుబాట్లు

ఊరి చివర వెంచర్‌లో ఫ్లాటు ఎందుకు కొనలేదని అడిగితే, అక్కడ నీళ్లకు కటకట అన్నాను. మా తోడల్లుడు వక్కపొడి నములుతూ "అందని ద్రాక్ష పుల్లన లెండి అన్నయ్యా" అనేశాడు. నా పరువు సంగతి అలా ఉంచండి. నక్కకు జరిగిన అన్యాయం మీద మాత్రం విచారణ జరగాల్సిందే.

ఈసోపు పేరున ఉన్న గ్రీకు కథ పట్టుమని నాలుగు వాక్యాలుండదు. ఆకలితో ఉన్న నక్క, చెట్టుకు పాకిన తీగకు వేలాడే గుత్తుల్ని చూసింది. కావాలనుకుంది, చేతకాలేదు. వెళ్లిపోతూ తనలో తాను "ఓంఫాకెస్ ఎయిసిన్" (ఇవింకా పండలేదు) అనుకుంది. తనలో తాను! అయినా ఎవరో చాటుగా విని లోకమంతా టముకేశారు.

గెంతులు కూడా అందులో లేవు. అవి క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ కవి ఫీడ్రస్ పద్దు. 1668లో ఫ్రెంచి లా ఫొంటేన్ చేతిలో పడేసరికి, పచ్చివి, అలగాజనానికైతే పనికొస్తాయంటూ నక్కకు దర్పం కూడా వచ్చేసింది. స్వీడన్‌వాళ్లు ఏకంగా ద్రాక్షే తీసేసి, అక్కడి చలిలో కాసే రోవన్ పండ్లు పెట్టుకున్నారు. పోనీ, వాళ్ల పెరట్లో ఏముంటే అది.

ఓంఫాకెస్ అంటే ఇంకా పండని ద్రాక్ష. ఇంగ్లీషు సామెత రుచి మీదికి పోయి పులుపు పట్టుకుంది. మనకేం ఖర్మ? పూత, పిందె, కాయ, దోరకాయ, పండు అని మెట్టుకో మాట ఉన్నవాళ్లం. "ఇంకా కాయలే" అంటే తీరిపోయేది. మన నక్క కూడా నోట పెట్టకుండానే పులుపని తీర్పిచ్చింది.

అసలు పులుపని తెలుసుకున్న తెలుగు నక్క వెనక్కి తిరుగుతుందా? బడి గోడ అవతలి మామిడికి మేం రాళ్లు విసిరింది పుల్లనని తెలిసే. నిక్కరు జేబులో ఉప్పూ కారం పొట్లం ముందే సిద్ధం. గోంగూరలో కూడా ఎర్రదే కావాలని బేరమాడే జాతి మనది. పులుపంటే ఆ నక్క నిచ్చెన తెచ్చుకునేది. తీపంటేనే, షుగరుందని తప్పుకునేది.

ఇదంతా తోడల్లుడికి ఓపిగ్గా విప్పిచెప్పాను. వక్కపొడి ఉమ్మేసి వచ్చి కూర్చున్నాడు.

"అయితే ఆ ఫ్లాటు ఇంకా కాయంటారా అన్నయ్యా?"

పునాదులే తియ్యలేదు. పూతన్నాను.