చెవికి పని లేని ఇంగ్లీషు పాఠం

సికింద్రాబాద్ స్టేషన్లో రైలు ప్రకటన మూడు భాషల్లో వస్తుంది. మన పిల్లలు చిన్నప్పటి నుంచి వింటున్నదే. పోయినేడాది ఆ ఇంగ్లీషు ప్రకటన ఒక్కదాన్ని ఫోన్లో రికార్డు చేసుకొచ్చి, మా తొమ్మిదో తరగతిలో చిన్న స్పీకరు పెట్టి వినిపించాను. ఏ ప్లాట్‌ఫామ్, ఏ ఊరి రైలు, ఎంత ఆలస్యం? మూడే ప్రశ్నలు, జవాబులు తెలుగులోనే రాయమన్నాను. ఊరి పేరు అందరూ పట్టుకున్నారు, ప్లాట్‌ఫామ్ చాలామంది రాశారు. ఆలస్యం దగ్గరికొచ్చేసరికి కొందరు పదిహేను నిమిషాలన్నారు, కొందరు యాభై అన్నారు. ఫిఫ్టీనా, ఫిఫ్టీయా తేల్చుకోలేకపోయారు. "ఈజ్ రన్నింగ్ లేట్ బై" అన్న ముక్కయితే అసలు చెవిన పడనే లేదన్నారు. అదే వాక్యాన్ని బోర్డు మీద రాశాను. క్లాసంతా ఒక్క గొంతుతో చదివేసి అర్థం కూడా చెప్పేశారు. వెనక బెంచీ నుంచి ఒక పిల్లాడు ఆశ్చర్యపోతూ "ఇదా సార్? ఇది మాకు తెలుసు కదా!" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లీషు చెబుతున్నాను. ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. తెలిసిన మాటే, కానీ వినపడలేదు. అంటే మేం నేర్పిన ఇంగ్లీషు కంటికే అందింది, చెవిదాకా పోలేదు. చాలామంది దీన్ని చిన్న లోటు అనుకుంటారు. ముందు చదవడం, రాయడం రానీ, వినడం అదే వస్తుందిలే అంటారు. నా అనుభవం దీనికి పూర్తిగా ఎదురు చెబుతోంది. వినడం రాకపోవడం వల్లే మన పిల్లల చదవడం కూడా కుంటుతోంది.

హైస్కూల్లో ఇంగ్లీషు పీరియడ్ ఎలా నడుస్తుందో తెలియనిది ఎవరికి! మాస్టారు ఒక లైను చదువుతారు, తెలుగులో అర్థం చెబుతారు, పిల్లలు పెన్సిలుతో లైను మీద తెలుగు మాటలు రాసుకుంటారు. పాఠం అయిపోగానే ప్రశ్నలూ జవాబులూ బోర్డు మీదికి వస్తాయి, నోటుబుక్కులోకి వెళ్తాయి, పరీక్ష ముందు బట్టీకి వెళ్తాయి. మన రాష్ట్రాల పాత వాచకాల్లో ప్రతి యూనిట్‌లోనూ వినడానికి ఒక భాగం ఉండేది, టీచరు చదివి వినిపించాల్సిన కథలు పుస్తకం చివర అచ్చువేసి ఉండేవి. అవి చదివి వినిపించిన బళ్లు ఎన్ని? నేనే చాలా ఏళ్లు దాటేశాను, దాచుకోను. పబ్లిక్‌లో దానికి మార్కు లేదు, సిలబస్ అయిపోవాలి, డిసెంబరు నుంచి స్పెషల్ క్లాసుల టెన్షన్ మొదలవుతుంది. నిరంతర మూల్యాంకనంలో ఒక పుస్తకం చదివి దాని మీద నాలుగు మాటలు రాయడానికి ఐదు మార్కులు పెట్టారు. నిజంగా మంచి ఆలోచన. కానీ చాలాచోట్ల ఒకరు రాసిందే క్లాసంతా ఎక్కించుకుంటారు, మేమూ టిక్కు పెట్టేస్తాం.

తెలుగు పిల్లాడికి ఇంగ్లీషు చెవిన పడకపోవడానికి బద్ధకం కారణం కాదు. తెలుగులో రాసిందే పలుకుతాం. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు వచ్చాయంటే ఎంత కొత్త మాటనైనా తప్పు లేకుండా చదివేస్తాం. ఆ అలవాటుతోనే పిల్లాడు ఇంగ్లీషుకు వస్తాడు. అక్కడ "లిసన్"లో టి ఉంటుంది కానీ పలకదు, "డౌట్"లో బి, "ఐలండ్"లో ఎస్ ఊరికే కూర్చుంటాయి. పిల్లాడు మనసులో "లిస్టెన్" అనే చదువుకుంటాడు, ఎవరైనా "లిసన్" అంటే అది వేరే మాట అనుకుంటాడు. దానికితోడు తెలుగు అజంత భాష. బుక్కు, పెన్ను, బస్సు అని చివర అచ్చు చేర్చితే తప్ప మన నోటికి తృప్తి ఉండదు. అటువైపు ఇంగ్లీషులో మాట చివరి హల్లు తర్వాతి మాటను అతుక్కుపోతుంది, రెండు మాటలు ఒకటై వినపడతాయి.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఊనికది, అంటే ఏ ముక్కను నొక్కి పలుకుతామన్నది. మనం దాదాపు ప్రతి అక్షరానికీ సమానంగా బరువు ఇస్తాం. ఇంగ్లీషువాళ్లు వాక్యంలో రెండు మూడు మాటల మీదే బరువు వేసి మిగతావి మింగేస్తారు. "ఐ కెన్ డూ ఇట్" అనేది మామూలుగా మాట్లాడేటప్పుడు "ఐ కన్ డూ ఇట్" అయిపోతుంది, ఆ "కన్" ఉందో లేదో అన్నట్టు వెళ్లిపోతుంది. "కాంట్" అన్నప్పుడు మాత్రం బరువుగా పడుతుంది. చేయగలను, చేయలేను అన్న రెండింటికీ మధ్య తేడా అంతా ఆ బరువులోనే ఉంది. "ఫొటోగ్రాఫ్"లో మొదటి ముక్క మీద పడే ఊనిక "ఫొటోగ్రఫీ"కి వచ్చేసరికి రెండో ముక్క మీదికి జరుగుతుంది, అచ్చుల ధ్వని కూడా మారిపోతుంది. ఫిఫ్టీన్, ఫిఫ్టీ గొడవ కూడా చాలావరకు ఇదే. ఇవేవీ పుస్తకంలో కనపడవు. పేజీ మీద ప్రతి మాటకూ ఒకే సైజు, ఒకే నలుపు. చెవితో తప్ప వేరే దారిలో రావు.

సరే, దీనికీ చదవడానికీ సంబంధం ఏమిటంటారా? మనం మౌనంగా చదువుతున్నప్పుడు కూడా లోపల ఒక గొంతు వినపడుతూనే ఉంటుంది. తెలుగు కథ చదువుతుంటే ఎక్కడ ఆగాలో, ఏ మాట ఏ మాటతో కలుస్తుందో ఆ గొంతే చెబుతుంది. ఇంగ్లీషు చదివేటప్పుడు మన పిల్లాడికి ఆ గొంతు లేదు. అందుకే ఒక్కో మాట మీద వేలు పెట్టి, ఒక్కోదానికి తెలుగు వెతుక్కుంటూ పోతాడు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. మళ్లీ మొదటికి. పరీక్షలో పాసేజీ ఇస్తే చదవడం మానేసి ప్రశ్నలో ఉన్న మాట పాసేజీలో ఎక్కడుందో వెతికి, ఆ లైను మొత్తం ఎత్తి రాసేస్తాడు. మార్కు పడుతుంది. మేం నేర్పే చిట్కా కూడా అదే, ఒప్పుకోవాలి. పిల్లల చదువుల మీద ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వే 2023 నివేదిక గ్రామాల్లోని 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను పరీక్షించింది. తేలికపాటి ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవాళ్లు 57.3 శాతం. అలా చదివినవాళ్లలో అర్థం చెప్పగలిగింది ముప్పాతిక మందే. 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల లెక్క ఇది. చదవగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి నోరు తిరిగింది, అర్థం తగల్లేదన్నమాట.

ఇప్పుడు ఇది ఇంగ్లీషు సబ్జెక్టు ఒక్కదాని సమస్య కూడా కాదు. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం పెట్టారు, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎక్కువమంది పిల్లలు అటే ఉన్నారు. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు వచ్చాయి. మీడియం ఏది ఉండాలన్న గొడవలోకి నేను ఇక్కడ పోను, అది వేరే పెద్ద చర్చ. కానీ సైన్సూ సోషలూ ఇంగ్లీషులో చదవమన్నాక, ఆ భాష వినడానికి రోజుకు పది నిమిషాలైనా ఇవ్వకపోతే పిల్లాడు ఏం చేయాలి? ఇంట్లో ఇంగ్లీషు లేదు, వీధిలో లేదు. చివరికి ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి నెలంతా లెక్చరర్ నోటి వంక చూస్తూ కూర్చుంటాడు. నేనూ డిగ్రీలో అలా కూర్చున్నవాణ్ణే.

ఆంధ్రప్రదేశ్ ఒకసారి ఈ వైపు అడుగు వేసింది. 2023 జూన్‌లో టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షలు నడిపే అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుని సర్కారు బళ్లలో ఆ శిక్షణ మొదలుపెట్టింది. హైస్కూలు పిల్లలు రాసే జూనియర్ పరీక్షలో వినడం ఒక విడి భాగం. పల్లెటూరి పిల్లలకు అమెరికా పరీక్ష ఎందుకని చాలామంది తప్పుపట్టారు, ఆ ఉచ్చారణ మనకు దూరమన్న మాట నిజమే. అయినా మన బళ్ల టైంటేబుల్లో వినడానికంటూ ఒక పీరియడ్ రావడం నాకు తెలిసి అదే మొదలు. 2024లో ప్రభుత్వం మారాక అది పక్కకు పోయింది. పోతే పోయింది, ఆ పీరియడ్‌ను మాత్రం వినడానికే ఉంచి మన పాఠాలతో నింపుకోవాల్సింది.

మార్కు లేనిదే ఏదీ జరగదు మన దగ్గర. చేదుగా ఉన్నా నిజం. దక్షిణ కొరియాలో కాలేజీ ప్రవేశ పరీక్ష ఇంగ్లీషు పేపరులో 45 ప్రశ్నలుంటే 17 విని రాయాల్సినవే. ఆ భాగం నడిచేటప్పుడు అరగంటకు పైగా దేశంలో విమానాలు ఎగరడం, దిగడం ఆపేస్తారు. జపాన్ 2006లో ఒక్కో విద్యార్థికి ఒక్కో చిన్న ప్లేయరు ఇచ్చి వినే పరీక్ష మొదలుపెట్టింది, 2021లో వచ్చిన కొత్త పరీక్షలో చదవడానికి వంద, వినడానికి వంద చేసింది. అక్కడి పరీక్షల ఒత్తిడి మనకు వద్దు, విమానాలూ ఆపక్కర్లేదు. మన దేశంలోనే ఐసీఎస్‌ఈ బళ్లలో ఉపాధ్యాయుడు సుమారు 300 మాటల పాసేజీని రెండుసార్లు గట్టిగా చదువుతాడు, పిల్లలు గుర్తులు రాసుకుని ప్రశ్నలకు జవాబిస్తారు. యంత్రం లేదు, నెట్టు లేదు. మన పదో తరగతికి ఇలా పది మార్కులు పెట్టడానికి అడ్డేమిటి?

ఒకటి మాత్రం ముందే ఆలోచించి పెట్టుకోవాలి. వినికిడి లోపం ఉన్న పిల్లలకు ఆ పది మార్కులూ మరో రూపంలో ఇవ్వాలి, ఆ సంగతి ఉత్తర్వులో మొదటి రోజే ఉండాలి. తర్వాత చూద్దామంటే ఎవరూ చూడరు.

మార్కులు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? నేను రెండేళ్లుగా చేస్తున్నది చెబుతాను. పాఠం మొదలుపెట్టేటప్పుడు పుస్తకాలు మూయించి ఒక పేరా మామూలు వేగంతో రెండుసార్లు చదువుతాను. ఏం అర్థమైందో తెలుగులో చెప్పమంటాను. ఇంగ్లీషులోనే చెప్పాలంటే భయంతో నోరు కట్టేసుకుంటారు, అర్థమైందో లేదో నాకూ తెలియదు. మూడోసారి పుస్తకం తెరిచి, నేను చదువుతుంటే చూపుతో వెంట రమ్మంటాను. "లిస్టెన్" కాస్తా "లిసన్" అయ్యేది సరిగ్గా అక్కడే. చెవీ కన్నూ ఒకే మాట మీద కలుసుకుంటాయి. వారానికి ఒకసారి డిక్టేషన్ లాంటిది పెడతాను, కానీ ఒక్కో మాట కాదు. ఐదారు వాక్యాలు గబగబా చదివేస్తాను, అందిన మాటలు రాసుకుని ఇద్దరిద్దరు కలిసి ఆ పేరాను మళ్లీ కట్టాలి. మొదట్లో గోల గోలగా ఉండేది. ఇప్పుడు ఆ పీరియడ్ కోసం అడుగుతున్నారు.

చదవడానికి నేను చూసే కొలత ఒకటుంది. హూ, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో తేల్చిందేమిటంటే, ఎవరి సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే వంద మాటల్లో 98 ముందే తెలిసి ఉండాలి. మా పదో తరగతి పాఠంలో ఒక పేజీ ఇచ్చి తెలియని మాటల కింద గీత గీయమంటే సగం పేజీ నల్లబడింది. దాంతో చదవడం ఎలా వస్తుంది? అందుకే పదో తరగతివాళ్లకు కూడా మూడో తరగతి స్థాయి కథలు ఇస్తున్నాను. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో ఇవి ఉచితంగా దొరుకుతాయి, కొన్నింటికి చదివి వినిపించే గొంతు కూడా ఉంటుంది. పెద్ద పిల్లలకు చిన్న కథలా అని ఒక తండ్రి నొచ్చుకున్నాడు. "అయ్యా, ఈత లోతు తక్కువ చోట నేర్పుతాం కదా" అని చెప్పాను, సరేనన్నాడు.

ఇంట్లో వినడానికి క్రికెట్ కంటే మంచిది నాకు కనపడలేదు. తెలుగు వ్యాఖ్యానం వచ్చాక అందరం అటు మారిపోయాం, అందులో తప్పేమీ లేదు, కానీ రోజుకు ఒక ఐదు ఓవర్లు ఇంగ్లీషు పెట్టమని పిల్లలకు చెబుతాను. బొమ్మ కళ్లముందే ఉంటుంది, అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి, ఏం జరిగిందో ముందే తెలుసు కాబట్టి మాటను దానంతటది పట్టుకోవచ్చు. హర్షా భోగ్లే మన హైదరాబాద్ వాడేనని చెబితే వాళ్లకు అదో హుషారు.

తోటి టీచర్లు నాతో అనే మాట ఒకటే: "మా ఉచ్చారణ బాగుండదు సార్, మేం చదివితే తప్పులు నేర్చుకుంటారేమో." ఈ భయం వల్లే చాలా క్లాసుల్లో గట్టిగా చదవడమే ఆగిపోయింది. మన యాసతో చదివినా పరవాలేదు, మాటలు కలిసేచోట కలిపి, బరువు పడేచోట వేసి, ఆగేచోట ఆగి చదివితే చాలు. వారానికి ఒక రోజు ఫోన్లో వేరే గొంతు వినిపించండి. అదీ కష్టమైతే పాఠాన్ని ముందు రోజు ఇంట్లో రెండుసార్లు గట్టిగా చదువుకుని రండి. నేను ఇప్పటికీ అలాగే వస్తాను.

బెంగళూరు, మద్రాసుల్లో 1979 నుంచి 1984 దాకా ఇంగ్లీషు బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు నడిపిన ప్రయోగంలో పిల్లలకు వ్యాకరణం బదులు పటాలూ రైళ్ల టైంటేబుళ్లూ ఇచ్చి, వాటి మీద ప్రశ్నలు వేసి తేల్చుకోమనేవారు. అర్థం కోసం బుర్ర పెడితే భాష దానివెంటే వస్తుందన్నది ఆయన నమ్మకం. మా క్లాసుకూ రైళ్ల టైంటేబులు ఒకటి తెచ్చి గోడకు అంటించాను. ప్రకటన వినిపిస్తాను, ఆ రైలు ఎన్నింటికి వస్తుందో టైంటేబుల్లో చూసి, ఆలస్యం కలిపి లెక్కకట్టాలి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ దగ్గర ఇంకా తడబడుతూనే ఉన్నారు. "లేట్ బై" మాత్రం ఇప్పుడు అందరికీ వినపడుతోంది.