శ్రీ యాంగిల్ కాక్ గారి సముఖమునకు

అయ్యా,

విశాఖ ఎండలో, నిన్న భోజనం వేళ దాటి మూడు గంటలు సాగిన హజార్డ్ రివ్యూలో (ఏ భాగంతో ఏం ప్రమాదమో పట్టికలో రాసే సమావేశంలో), ప్రతి వ్యాగన్ రెండు చివర్లా బ్రేకు గాలి పైపును మూసి తెరిచే కుళాయి అయిన తమరికి దక్కింది ఒక్కటే గడి. "ప్రమాదం: కాక్ మూసి ఉండుట. నివారణ: సిబ్బందికి తగు సూచనలు." అందరూ తలలూపారు. టీ వచ్చింది. తమరి పని అయిపోయింది.

వెస్టింగ్‌హౌస్ 1872లో ఆటోమేటిక్ ఎయిర్ బ్రేకుకు పేటెంటు తీసుకున్నప్పటి నుంచి ధర్మం ఒకటే: పైపులో గాలి పోతే బండి ఆగాలి. వ్యాగన్ల మధ్య గాలి గొట్టం, అదే హోస్, తెగిందా, ఆగుతుంది. కప్లింగ్ ఊడి రేకు (వ్యాగన్ల వరస) రెండైందా, రెండూ ఆగుతాయి. ఇంత ధర్మానికి గండి కొట్టడానికి తమరి పిడి పావు చుట్టు తిరిగితే చాలు.

58 వ్యాగన్ల రేకులో బ్రేక్ పైపు మీద వ్యాగన్లకే తమరు 116 మంది. షంటింగ్‌కి పదో వ్యాగన్ దగ్గర విడదీస్తారు, ఎదురెదురుగా ఉన్న మీ ఇద్దరినీ మూస్తారు, తిరిగి హోస్ కలుపుతారు, తెరవడం మరిచిపోతారు. వెనక 48 వ్యాగన్లలో పాత గాలి అలాగే బందీ. చివరి గేజు ఏమీ ఎరగనట్టు 4.8 కేజీల ఒత్తిడి చూపిస్తుంది. లోకో పైలట్ బ్రేక్ పైపు ఒత్తిడిని కేజీన్నర తగ్గించినా ఆ కబురు పదో వ్యాగన్ దాటదు. ఒత్తిడి తగ్గగానే బ్రేకు వేసే డిస్ట్రిబ్యూటర్ వాల్వులకు వెనక చెప్పేవాడే లేడు. పది పట్టుకుంటాయి, నలభై ఎనిమిది తోస్తాయి. అదీ తూర్పు కనుమల్లోని శిమిలిగుడ నుంచి ఇనుప ఖనిజంతో 60కి 1 వాలులో దిగుతూ! బండిని తనంతట తానే ఆపే రక్షణ వ్యవస్థ కవచ్‌కి అత్యున్నత భద్రతా స్థాయి, సిల్-4, ఉందంటారా? అది బ్రేకు వేయమని అడిగేదీ ఆ పైపునే.

ప్యారిస్ గార్ ద లియోన్ స్టేషన్‌లో 1988లో మూసిన ఒక్క కాక్‌తో మొదలైన తప్పుల గొలుసు 56 మందిని మింగింది. ఇంకా "తగు సూచనలు"ట! సిగ్గుందా నీకు? మాకైనా ఉందా?

గేజులో అంకె చూసి సంతకం గీకేవాళ్ళను తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ముల్లు నిలబడటం కాదు, పడాలి. పైలట్ తగ్గించినప్పుడు వెనక గార్డు ఉండే బ్రేక్‌వాన్‌లో పడాలి. వెనక వాల్వు తెరిస్తే ఇంజన్లో గాలి ప్రవాహం చూపే ఎయిర్‌ఫ్లో ముల్లు లేవాలి. ఇంతే పరీక్ష. విప్పని హ్యాండ్ బ్రేకుకూ, అరిగిన వాషర్‌కూ విడిగా ఉత్తరాలు రాస్తాను. వాషర్ నయం, బుస్సుమని చెప్పి మరీ లీకవుతుంది. నీకు ఆ మర్యాద కూడా లేదు.

అయినా నిన్ను పీకేయలేం. నువ్వు లేకపోతే ఇంజన్ మార్చిన ప్రతిసారీ రేకంతా గాలి వదిలి, మళ్ళీ ఎక్కించుకుంటూ కూర్చోవాలి. గాలితో ఉన్న హోస్ విప్పబోయినవాడి మూతి పళ్ళు రాలతాయి. అది ఒప్పుకుంటున్నాను.

రేపు ఆ గడిలో "తగు సూచనలు" కొట్టేసి, "రెండు వైపులా ముల్లు కదలడం చూసి, రెండు సంతకాలు" అని రాస్తున్నాను. అభ్యంతరముంటే ఒక్కసారి బుస్సుమను.