సవరణ: పరుగుకు ముందు నొప్పి మాత్ర

పోయిన ఆదివారం పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద పరుగు ముగిశాక పెట్టిన పోస్టులో ఇలా రాశాను: "మోకాళ్లు పట్టేయకుండా ముందే ఒక కాంబిఫ్లామ్ వేసుకోండి, అది పారాసిటమాలే కదా, నీళ్లు బాగా తాగితే కిడ్నీకి ఏమీ కాదు." ఇది తప్పు. స్ట్రిప్ వెనక చదవకుండా రాశాను.

అందులో పారాసిటమాల్ 325 మి.గ్రా.తో పాటు ఐబుప్రోఫెన్ 400 మి.గ్రా. ఉంటుంది. గంటల తరబడి పరిగెత్తితే, అందులోనూ మన నల్లగొండ ఎండలో, కిడ్నీలకు రక్తం తగ్గుతుంది. అప్పుడు అక్కడి రక్తనాళాలను తెరిచి ఉంచేవి మన ఒంట్లోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు అడ్డుకునేది వాటినే.

2017లో ఒక వైద్య పత్రికలో వచ్చిన చిన్న అధ్యయనం ప్రకారం, సుమారు 80 కిలోమీటర్ల పరుగులో ఐబుప్రోఫెన్ వేసుకున్నవాళ్లలో 52 శాతం మందికి కిడ్నీ దెబ్బతిన్న సూచనలు కనిపించాయి. మందులేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో అది 34 శాతం. మనం పరిగెత్తేది పదో ఇరవయ్యో కిలోమీటర్లు, కాబట్టి ఆ అంకెలు మనకు అలాగే వర్తించవు. కానీ "ఏమీ కాదు" అనడానికి మాత్రం లేదు.

నీళ్ల మాట కూడా సగమే నిజం. మితిమీరి తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది.

బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఈ మాత్రలు వేసుకోవద్దు. పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.