పార్కును మూసిపెట్టి ప్రారంభించవలెనని మనవి

అమ్యూజ్‌మెంట్ పార్కు గొప్పతనం దాని గేటుకు తాళం పడిన మర్నాడు మొదలవుతుందన్నది అనుభవజ్ఞులందరూ ఎరిగిన సత్యం. తెరిచి ఉన్నన్నాళ్ళూ అది ఒట్టి పార్కు. టికెట్ ధర ఎక్కువ, క్యూ పొడుగు, రంగులరాట్నం గుర్రానికి ఒక చెవి లేదు, జెయింట్ వీల్ పైకి చేరే సరికి కిర్రుమంటుంది, ఆదివారం వెళ్దామని పిల్లలు అడిగితే పెద్దలకు తలనొప్పి మొదలవుతుంది. మూతపడిందన్న వార్త వచ్చిన మరుక్షణం ఆ కిర్రుచప్పుడు సంగీతమైపోతుంది, చెవిలేని గుర్రం శిల్పమైపోతుంది, ఏళ్ళ తరబడి ఆ దారి తొక్కనివారు సైతం తమ బాల్యాన్ని కూల్చేశారంటూ పాత ఫోటోలు వెతికి తీస్తారు. చచ్చిన బర్రెకు పాలెక్కువ అన్న సామెత పాడి గురించే పుట్టి ఉండవచ్చు గాని, దానికి తిరుగులేని రుజువు దొరికింది మాత్రం వినోద రంగంలోనే. కనుక పార్కును మొదట తెరిచి, నష్టాలు భరించి, ఆ తరువాత ఎప్పుడో మూసే కాలం చెల్లిన పద్ధతికి స్వస్తి చెప్పి, ఆ మూసివేతేదో మొదటి రోజే కానిచ్చేయాలని సంబంధిత అధికారులకు సవినయంగా విన్నవించుకుంటున్నాను.

ఈ సూత్రాన్ని అందరికన్నా ముందు గ్రహించిన మహానుభావుడు జార్జ్ టిల్యూ. న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో 1897లో ఆయన తెరిచిన స్టీపుల్‌చేజ్ పార్కు 1907 వేసవిలో అగ్నికి ఆహుతైంది. మరొకరైతే నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చునేవారు. ఆయన మర్నాడే గేటు దగ్గర బోర్డు పెట్టించి, ఇంకా పొగలు కక్కుతున్న శిథిలాలను చూడవచ్చినవారి దగ్గర తలకు 10 సెంట్లు వసూలు చేశాడు. ఇందులోని అర్థశాస్త్రాన్ని పాఠకులు గమనించాలి. గ్రీజు పూయవలసిన ఇరుసు లేదు, జీతమివ్వవలసిన ఆపరేటరు లేడు, సీటు తడిగా ఉందని గొడవపెట్టుకునే పెద్దమనిషి లేడు. బూడిద ఉంది, దాన్ని చూసి నిట్టూర్చే జనం ఉన్నారు. ఇంతటి లాభసాటి మార్గం చేతికి చిక్కిన తరువాత కూడా అదే స్థలంలో మళ్ళీ పార్కు కట్టించడం ఆయన జీవితంలో నాకు కొరుకుడుపడని ఒకే ఒక్క బలహీనత.

ఆ రెండో పార్కు 1964లో మూతపడింది. మరుసటి ఏడాది స్థలాన్ని కొన్న బిల్డరు ఫ్రెడ్ ట్రంప్ 1966లో కూల్చివేతకు అతిథులను పిలిచి, పెవిలియన్ అద్దాల మీద ఇటుకలు విసిరే భాగ్యాన్ని వారికి ప్రసాదించాడు. అక్కడ ఆయన లేపుదామనుకున్న అపార్టుమెంట్లు చివరికి లేవనే లేదు. పారాచూట్ జంప్ అనే ఉక్కు గోపురం మాత్రం నేటికీ నిలిచి ఉంది, దానికి 1989లో చారిత్రక కట్టడం హోదా కూడా దక్కింది. జనం దూకుతున్నన్నాళ్ళు అది ఒక ఆటవస్తువు. దూకడం నిషిద్ధమయ్యాక వారసత్వ సంపద. రాత్రిపూట దీపాలంకరణ కూడా చేస్తున్నారు, పనిచేసే రోజుల్లో దానికి ఇంతటి మర్యాద జరిగి ఉండదని నా నమ్మకం.

ఒక్కసారి మూతపడితేనే ఇంత గౌరవమైతే, రెండుసార్లు ఆ యోగం పట్టినదాని సంగతి వేరే చెప్పాలా? 1907లో జర్మనీలో తయారైన ఎల్ డొరాడో అనే రంగులరాట్నం 1911లో ఇదే స్టీపుల్‌చేజ్‌కు చేరింది. చెక్కలో చెక్కిన గుర్రాలతో, పందులతో, రథాలతో అది అక్కడ అర్ధశతాబ్దం తిరిగి, ఆ పార్కు పోయాక జపాన్ చేరి, 1971 నుంచి టోక్యోలోని తోషిమాయెన్ పార్కులో తిరిగింది. ఆ పార్కు కూడా 2020 ఆగస్టు 31న మూతపడింది. రెండు ఖండాల వారి కన్నీటికి పాత్రమైన రంగులరాట్నం మరొకటి ఉంటుందనుకోను. ఆ స్థలంలో కొంతభాగంలో ఇప్పుడు హ్యారీ పోటర్ సినిమాల తాలూకు స్టూడియో టూర్ నడుస్తున్నది. అంటే పోయిన పార్కు కోసం బెంగపడేవారు, అసలెన్నడూ లేని మాంత్రికుల బడి కోసం బెంగపడేవారికి చోటు ఖాళీ చేశారన్నమాట. బెంగలో కూడా పోటీ పెరిగిపోయింది.

ఇక జ్ఞాపకం చేసే మరమ్మతు పని ఏ ఇంజనీరుకూ సాధ్యం కాదు. అమెరికాలోని న్యూజెర్సీలో 1978 నుంచి 1996 దాకా నడిచిన యాక్షన్ పార్కునే తీసుకోండి. అక్కడ నీళ్ళతో పాటు మనిషిని తలకిందులుగా ఒక చుట్టు తిప్పి బయట పడేసే జారుడు గొట్టం ఒకటి ఉండేది. 1985లో నెల రోజులపాటు దాన్ని జనానికి తెరిచి, ఆపై బుద్ధి తెచ్చుకుని మూసేశారు. గాయపడినవారిని మోయలేక ఊరి అంబులెన్సులు చాలకపోతే పార్కువారే అదనపు అంబులెన్సులు కొనిచ్చారు. ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇదే పార్కును తలచుకుని, ఆ రోజుల్లో పిల్లలను నిజంగా పిల్లలుగా బతకనిచ్చేవారని మురిసిపోయే నడివయసువారు ఇప్పటికీ కనిపిస్తారు. ఆ మురిసేవారంతా బతికి బయటపడినవారే కావడం వల్ల వారి అభిప్రాయంలో ఏకగ్రీవత కొంత సులభంగా కుదిరింది.

అప్పట్లో అందరూ కలిసిమెలిసి ఆడుకునేవారన్న మాట కూడా సంస్మరణ సభల్లో తప్పకుండా వినిపిస్తుంది. ఆ అందరూ అంటే ఎవరని అడగడం సభామర్యాద కాదు. బాల్టిమోర్ శివార్లలోని గ్విన్ ఓక్ పార్కులో 1963 ఆగస్టు 28 వరకు నల్లజాతి వారికి ప్రవేశం లేదు. అదే రోజున వాషింగ్టన్‌లో పౌరహక్కుల మహాప్రదర్శన జరిగింది. ఆ తరువాత పదేళ్ళయినా గడవకముందే, 1972లో తుఫాను వరదకు పార్కు దెబ్బతిని మూతపడింది. అక్కడి రంగులరాట్నం 1981లో వాషింగ్టన్ నేషనల్ మాల్‌కు చేరింది. ఈ లెక్కన చూస్తే, పార్కును మూసి ఉంచి నడపాలన్న నా ప్రతిపాదన మరీ కొత్తదేమీ కాదు, ఒక జాతి మొత్తానికి ఆ పార్కు దశాబ్దాల పాటు మూసే ఉంది. కాకపోతే ఆ మూసివేతకు ఎవరూ సంస్మరణ సభ పెట్టలేదు. బాధపడి గేటు దగ్గరికి వచ్చినవారిని 1963 జూలైలో వందల సంఖ్యలో అరెస్టు చేశారు.

ఆ సభల్లోనే వినిపించే, డబ్బు యావ లేని స్వచ్ఛమైన వినోదం అన్న విశేషణం గురించి ఒక్క మాటతో సరిపెడతాను. అమెరికాలో ఆ పాతకాలపు పార్కులు చాలావాటిని ట్రామ్ కంపెనీలు తమ దారి చివరన కట్టించాయి, సెలవు రోజున ఖాళీగా తిరిగే బండ్లను నింపుకోవడానికి. కార్లు వచ్చాయి, ట్రామ్‌లు పోయాయి, వాటి వెంటే స్వచ్ఛత కూడా పోయింది.

మన దేశం ఈ విషయంలో వెనుకబడిందని ఎవరూ కించపడనక్కర్లేదు. 1982 ఆసియా క్రీడల చిహ్నమైన ఏనుగుపిల్ల పేరుతో 1984లో ఢిల్లీలో వెలసిన అప్పూ ఘర్ 2008లో మూతపడింది. స్థలం సుప్రీంకోర్టుకు, మెట్రోకు పోయింది. ఒకచోట వాయిదాల మీద తిరుగుతారు, రెండోచోట రైల్లో తిరుగుతారు, కనుక తిరగడం అనే మౌలిక సేవకు అంతరాయం కలగలేదని చెప్పవచ్చు.

ఇందుకు విరుద్ధంగా డెన్మార్క్ ప్రవర్తన తీవ్రంగా ఖండించదగినది. అక్కడ 1583లో మొదలైన బాకెన్ పార్కు, 1843లో మొదలైన టివోలీ పార్కు సిగ్గు లేకుండా ఇంకా తెరిచే ఉన్నాయి. బెంగపడే హక్కును ఇన్ని తరాలకు నిరాకరించిన దేశం మరొకటి లేదు. జపాన్‌వారు ఎంతో నయం. డిస్నీలాండ్‌ను చూసి 1961లో కట్టిన నారా డ్రీమ్‌ల్యాండ్ జనం తగ్గిపోయి 2006లో మూతపడితే, దాన్ని పదేళ్ళు అలాగే వదిలేశారు. తెరిచి ఉంటే రానివారు కూడా గోడదూకి వచ్చి, పట్టాలను కమ్మేసిన తీగలకు ఫోటోలు తీశారు.

నా ఆదర్శానికి అతి దగ్గరగా వచ్చినది మాత్రం ఉక్రెయిన్‌లోని ప్రిప్యత్ ఊరి పార్కే. 1986 మే 1న తెరవవలసి ఉండగా ఏప్రిల్ 26న పక్కనే చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగి ఊరంతా ఖాళీ అయిపోయింది. ఆ ఊరివారి కష్టం నిజమైనది, దాని జోలికి నేను పోను. పసుపు రంగు జెయింట్ వీల్ ముందు నిలబడి, తాము ఎక్కని, ఎక్కే వీలే లేకపోయిన ఆటను తలచుకుని ముఖం దిగులుగా పెట్టి ఫోటో దిగిన యాత్రికుల సంగతే నేను చెబుతున్నది. వారి బెంగకు ఆధారంగా ఒక్క జ్ఞాపకం కూడా లేదు, అందుకే అందులో కల్తీ లేదు.

కాబట్టి ఇకపై కొత్త పార్కులను తుప్పు పట్టిన ఇనుముతోనే కట్టాలి. రోలర్ కోస్టర్ పట్టాల మధ్య రావి విత్తులు చల్లాలి. టికెట్ కౌంటరు అద్దానికి కాంట్రాక్టరే ఒక పగులు పెట్టి అప్పగించాలి. ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించకుండా గేటుకు తాళం వేసి, వెనువెంటనే సంతాప ప్రసంగం చేయాలి. పరిరక్షణ సమితిలో సభ్యత్వం ఎన్నడూ టికెట్ కొననివారికే పరిమితం చేయడం ఉత్తమం. తరచూ వెళ్ళినవారికి మరుగుదొడ్ల సంగతి గుర్తుంటుంది. మూతపడిన పార్కుల పాత ఆపరేటర్లను సభకు పిలవాలన్న సూచనను కూడా పరిశీలించి తిరస్కరించాను. వారికి ఏ చక్రానికి ఏ బేరింగు అరిగిందో తెలుసు, పైగా మైకు చేతికిస్తే ఆఖరి రెండు నెలల జీతం బాకీ ఎవరిస్తారని అడిగే ప్రమాదం ఉంది.