కత్తెరకు ఒక విగ్రహం

శ్రీకాకుళం జిల్లాలో వైద్యరంగానికి గుర్తుగా ఎవరైనా విగ్రహం పెట్టదలిస్తే దయచేసి డాక్టరుది పెట్టకండి. మెడికల్ షాపు కౌంటరు మీదుండే కత్తెరది పెట్టండి. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా కులమతాలు చూడకుండా పనిచేస్తున్నది అదొక్కటే. పది మాత్రల స్ట్రిప్పులోంచి రెండడిగితే రెండు, మూడడిగితే మూడు కోసిస్తుంది. కోతకి ఒకటే నియమం: మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ, ఎర్రగీత ఉన్న ముక్క షాపులోనే ఉండిపోవాలి. రోగి చేతికి మెరిసే రేకు వెళ్తుంది.

ఇందులో ఎంత దయ ఉందో ఆలోచించండి. పేరు తెలిస్తే రోగి కంగారు పడతాడు, పక్కింటి డిగ్రీ కుర్రాడి చేత ఫోనులో వెతికిస్తాడు, దుష్ఫలితాల జాబితా చదివించుకుని నిద్ర మానేస్తాడు. అందుకని పేరు తీసేసి రంగు ఉంచారు. ఎర్రబిళ్ళ నొప్పికి. గొట్టం బిళ్ళ గ్యాసుకి. చిన్న తెల్లబిళ్ళ దేనికని అడక్కండి, అది అన్నిటికీ. ఇవన్నీ కలిపి కాగితంలో పొట్లం కడితే దాన్ని సెట్టు అంటారు. వైద్య కళాశాలల్లో ఐదున్నరేళ్ళు చదివినా రాని విద్య ఇది.

జీడిపిక్కల పని ముగిసిన సాయంత్రం ఏ కౌంటరు దగ్గర నిలబడ్డా వైద్య పరీక్ష ఇలా జరుగుతుంది.

"బావూ, నడుం పీకేస్తంది. ఒక సెట్టు ఇయ్యి."

"ఎంతలో ఇమ్మంటావమ్మా? పదిదా, ఇరవైదా?"

"ఇరవైదాన్లో ఏటుంటాది?"

"తెల్లబిళ్ళ ఒకటి ఎక్కువుంటాది. బేగి తగ్గుతాది."

"మొన్న మా తోటికోడలికి ఇచ్చినావు కదా, అదే ఇయ్యి. మర్నాడే లేచి పన్లోకి ఎల్లిపోనాది."

"ఆవిడకేటి, నడుమేనా?"

"నేదు, దానికి పన్ను."

"పర్లేదు, అదే పన్జేస్తాది."

"నాకు సుగరుంది బావూ. ఏటీ అవదు కదా?"

"తినేసి ఏసుకో."

చూశారా? రోగ నిర్ధారణ, మోతాదు, జాగ్రత్తలు, అన్నీ అర నిమిషంలో. ఈ మహత్కార్యాన్ని పర్యవేక్షించాల్సిన ఫార్మసిస్టు కూడా షాపులోనే ఉంటాడు, గోడకి తగిలించిన సర్టిఫికెట్టులో. ఫొటోకి దండ వెయ్యలేదు కాబట్టి బతికే ఉన్నాడని అనుకోవాలి.

ఆ చిన్న తెల్లబిళ్ళ చాలాసార్లు డెక్సామెథసోనో, ప్రెడ్నిసలోనో అయి ఉంటుంది. స్టెరాయిడ్. ఉబ్బసం ముదిరినవాడికి, కీళ్ళవాతానికి డాక్టరు లెక్కకట్టి ఇస్తే ప్రాణం నిలబెట్టే మందే. లెక్కాపత్రం లేకుండా నెలల తరబడి మింగితే సుగరు పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, మొహం ఉబ్బుతుంది. మనవాళ్ళు ఆ ఉబ్బుని చూసి "మొహం నిండింది, ఒళ్ళు చేసావే" అని మెచ్చుకుని షాపు అడ్రసు కనుక్కుంటారు. పోనీ ఒక్కసారిగా మానేద్దామంటే అదీ ప్రమాదమే. బిళ్ళ అలవాటైన ఒంట్లో, ఇలాంటి స్టెరాయిడ్‌ని సహజంగా తయారుచేసే అడ్రినల్ గ్రంథి తన పని మానేసి కూర్చుంటుంది, మనిషి కుప్పకూలిపోవచ్చు. కానీ ఏది మానేస్తున్నాడో అతనికే తెలియదుగా!

బీపీ బిళ్ళల సంగతీ ఇంతే. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్‌తో కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. మందు పేరు చెబితే డాక్టరు దాన్ని మార్చి ఇంకోటి రాస్తాడు. పేరు కత్తెర మింగేసింది కనక వాపుకి ఒక బిళ్ళ, దగ్గుకి ఒక సిరప్పు, వాటివల్ల వచ్చినవాటికి ఇంకోటి. ఆఖరికి పెద్దాసుపత్రికి వెళ్తే "ఏం మందులు వాడుతున్నావమ్మా?" అని అడుగుతారు. "పొద్దుట ఎర్రది, రేత్రి తెల్లది." డాక్టరు రాసుకుంటాడు కూడా పాపం. ఏం రాసుకుంటాడో!

ఇక్కడిదాకా నవ్వొచ్చింది. ఉద్దానం మాట వస్తే నవ్వు రాదు.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు. ఈ ఊళ్ళలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్ళుగా నీళ్ళు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, ఇదీ కారణమని ఒక్కటి తేల్చలేదు. నొప్పి బిళ్ళలే కారణమని నేనూ అనను. కానీ తేలిన సంగతి ఒకటుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు కిడ్నీకి రక్తం అందించే దారిని బిగిస్తాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు చాలని ఒంట్లో మరీ బిగిస్తాయి. అప్పటికే కిడ్నీ దెబ్బతిన్నవాడికి అవి విషం. ఎందుకు పోతున్నాయో తెలియని కిడ్నీల మీద, పాడుచేస్తుందని తెలిసిన మందుని పొట్లాలు కట్టి అమ్ముతున్నాం, రోజూ, చీటీ లేకుండా!

డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పోయి చచ్చాయని 2006లో పశువులకి ఆ మందు ఆపేశారు. మనుషుల ఇంజెక్షన్ని పశువులకి వాడుతున్నారని 2015లో దాని సీసా 3 మిల్లీలీటర్లు మించకూడదన్నారు. మంచి పని, రాబందులు బతకాలి. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు, అదీ నిజమే. అయినా, రెక్కలున్నదాని కోసం కొత్త నిషేధం తెచ్చిన దేశం, రెక్కలు ముక్కలు చేసుకునేవాడి కోసం 1945 నుంచి ఉన్న మందుల రూల్సుని అమలు చెయ్యలేదా? షెడ్యూల్ హెచ్, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అని అట్ట మీద అచ్చు వేసేది ఎవరు చదవడానికి? 2014 నుంచి కొన్ని యాంటీబయాటిక్స్‌కి హెచ్1 అని ఇంకో జాబితా పెట్టి, డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచమన్నారు. మీ ఊళ్ళో ఆ రిజిస్టరు చూసినవాళ్ళుంటే చేతులెత్తండి.

పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. డయాలసిస్ కుర్చీలో గంటలకొద్దీ కూర్చుంటే నడుం పట్టేస్తుంది. దానికీ ఒక సెట్టు తెచ్చిచ్చే మేనల్లుడు ప్రతి ఇంట్లో ఉంటాడు.

ఈసారి షాపుకి వెళ్ళినప్పుడు పేరున్న ముక్క ఇమ్మనండి, బిల్లు ఇమ్మనండి. "ఏటి బావూ, ఇన్నేళ్ళు కొంటన్నావు, మా మీద నమ్మకం నేదా?" అంటాడు.

నేదని చెప్పండి.